తెలుగు పేరు గల ఫైలుకు యజమాని ఎవరు?

తెలుగువారి పేరులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి ఇంటిపేరు, రెండవది పెట్టిన పేరు. ఊరిలో ముగ్గురు సుబ్బారావులు ఉన్నప్పటికీ ఇంటిపేరు చెప్పగానే ఎవరి ప్రసక్తి వచ్చినదో తేలిపోతుంది. విదేశాలకు వచ్చిన తరువాత ఈ రెంటిలో దేనిని ముందు వ్రాయాలి, దేనిని వెనుక వ్రాయాలి అన్న చిక్కు ప్రతి దరఖాస్తుతోను ఎదురవుతూనే ఉంటుంది. ఒక కార్యాలయంలో ఒక విధంగాను, మరొక కార్యాలయంలో మరొక విధంగాను నమోదు అయినట్లయితే, ఒకే మనిషి కాగితాల మీద ఇద్దరవుతాడు. తన ఆస్తికి తానే యజమానినని ఋజువు చేసుకొనవలసిన దుస్థితి కలుగుతుంది.

కంప్యూటర్ల లోకంలో కూడ అచ్చముగా ఇటువంటి చిక్కే ఒకటి ఉన్నది. ఒక యంత్రంలోని ఫైళ్లను నెట్‌వర్కు ద్వారా మరొక యంత్రం తనవిగానే వాడుకొనేటట్లు చేసే సాఫ్ట్‌వేరులో, ఫైలు యజమాని పేరు 'పెట్టిన పేరు, ఎట్ గుర్తు, ఇంటిపేరు' అన్న వరుసలో వ్రాయబడుతుంది. ఇక్కడ ఇంటిపేరు స్థానంలో నిలిచేది డొమెయిన్ పేరు. ఆ డొమెయిన్ పేరు తెలుగు లిపిలో ఉన్నప్పుడు ఏమి జరుగుతుంది, ఏమి జరగవలె అన్నది ఈ వ్యాసంలోని విషయం. ఇది కేవలం సాంకేతికుల ఇంటిగుట్టు అని పాఠకులు అనుకొనరాదు. ఫైలు ఎవరిది, దానిని ఎవరు తెరువవచ్చు, ఎవరు చెరపవచ్చు అన్న నిర్ణయాలు అన్నీ ఆ పేరు మీదనే ఆధారపడి ఉన్నవి.

సంఖ్యల నుండి పేర్లకు

నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ అనే ఏర్పాటును 1980ల మధ్యకాలంలో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ రూపొందించినది. దీనినే పొడి అక్షరాలలో ఎన్‌ఎఫ్‌ఎస్ అంటారు. దీని రెండవ రూపాంతరం 1989లో ఆర్‌ఎఫ్‌సి 1094గాను, మూడవ రూపాంతరం 1995లో ఆర్‌ఎఫ్‌సి 1813గాను ప్రచురితమైనవి. ఈ రెంటిలోను ఫైలు యజమాని ఒక సంఖ్య మాత్రమే. ఒక యంత్రంలో 501వ సంఖ్య సీతది అయి, మరొక యంత్రంలో అదే సంఖ్య రాముడిది అయితే, సీత వ్రాసిన ఫైలు రెండవ యంత్రానికి రాముడిదిగా కనిపిస్తుంది. ఒకే కార్యాలయంలో, ఒకే అధికారి అజమాయిషీలో ఉన్న పది యంత్రాలకు ఈ పద్ధతి చాలును. సంస్థల ఎల్లలు దాటినప్పుడు చాలదు.

అందువలన 2000 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సి 3010గా వెలువడి, 2003 ఏప్రిలులో ఆర్‌ఎఫ్‌సి 3530గా సవరింపబడిన నాల్గవ రూపాంతరంలో సంఖ్యలకు బదులు పేర్లు ప్రవేశించినవి. సీత@ఉదాహరణ.భారత్ అన్న తీరులో యజమాని పేరు యంత్రాల మధ్య ప్రయాణిస్తుంది. దీనితో పాటు డొమెయిన్ పేర్లు మరొక చోట కూడ ఎదురవుతాయి. 'మీరు అడిగిన ఫైళ్లు ఇక్కడ లేవు, ఫలానా సర్వరులో ఉన్నవి, అక్కడకు వెళ్లండి' అని ఒక సర్వరు దారి చూపించేటప్పుడు, ఆ ఫలానా సర్వరు పేరు కూడ డొమెయిన్ పేరే. అంటే ఈ సాఫ్ట్‌వేరులో డొమెయిన్ పేరు ఒకచోట వంశనామం, మరొకచోట చిరునామా.

అదే కాలంలో ఇంటర్నెట్ ప్రమాణాలను నిర్ణయించే ఐఈటీఎఫ్ సంస్థ ఒక మంచి నియమం చేసినది. 1998 జనవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 2277 ప్రకారం, మనుషులు చదివే పాఠాన్ని మోసుకొనిపోయే ప్రతి కొత్త ప్రోటోకాలు యూటీఎఫ్-8 సంకేతాన్ని వాడగలగాలి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. కనుక ఎన్‌ఎఫ్‌ఎస్ నాల్గవ రూపాంతరంలో తెలుగు పేర్లకు, పుట్టుకతోనే, కాగితం మీద చోటు దొరికినది. కాని ఇల్లు అలకగానే పండుగ కాదు గదా!

డొమెయిన్ పేర్లలో తెలుగు

డొమెయిన్ పేర్ల వ్యవస్థకు మూలమైన నియమాలు 1987 నాటివి. ఆచారం ప్రకారం యంత్రాల పేర్లలో ఆంగ్ల అక్షరాలు 26, అంకెలు 10, అడ్డుగీత 1, మొత్తం 37 గుర్తులకే స్థానం. రెండు చుక్కల మధ్య ఉండే భాగాన్ని లేబుల్ అంటారు. అది 63 బైట్లను మించరాదు. ప్రపంచమంతటా పాతుకొనిపోయిన ఈ వ్యవస్థను పెకలించి మరొకటి నాటడం అసాధ్యమని గ్రహించి, పెద్దలు ఒక మధ్యేమార్గం కనుగొన్నారు. మనిషి చూచే రూపం ఒకటి, తంతి మీద పోయే రూపం మరొకటి. తెలుగు అక్షరాలతో ఉన్న రూపాన్ని యు-లేబుల్ అని, దానిని ఆంగ్ల అక్షరాలుగా, అంకెలుగా మార్చిన రూపాన్ని ఏ-లేబుల్ అని పిలుస్తారు. ఈ మార్పిడి చేసే లెక్కకు ప్యూనీకోడ్ అని పేరు. ఏ-లేబుల్ ఎల్లప్పుడు ఎక్స్, ఎన్ అనే రెండు అక్షరాలతోను, రెండు అడ్డుగీతలతోను ఆరంభమవుతుంది.

ఉదాహరణకు 'భారత్' అన్న మాటలో అయిదు సంకేతాలు ఉన్నవి: భ, దీర్ఘం, ర, త, పొల్లు. యూటీఎఫ్-8లో దీనికి 15 బైట్లు. ఏ-లేబుల్‌గా మారిస్తే 13 గుర్తులు వస్తాయి. వాటిని చదివి అర్థం చేసుకొనగల మానవుడు లేడు, చదువవలసిన అవసరం కూడ లేదు. తెలుగు లిపిలోని ఈ '.భారత్' 2011లోనే, భారతదేశపు మరి కొన్ని లిపులతో పాటు, డొమెయిన్ వ్యవస్థ మూలపట్టికలో చేర్చబడినది. దేవనాగరిలో నమోదులు 2014 ఆగస్టు 27న ఆరంభమైనవి. కనుక తెలుగు డొమెయిన్ అన్నది ఊహలోని విషయం కాదు.

ఈ మార్పిడికి సంబంధించిన నియమాలు రెండుసార్లు వ్రాయబడినవి. మొదటివి 2003 నాటివి, రెండవవి 2010 నాటివి. ఈ రెంటికి కొన్ని భేదాలు ఉన్నవి. ఆ భేదాలలో ఒకటి సూటిగా తెలుగు లిపికి తగిలేది. దానిని ముందు ముందు వివరిస్తాను.

ఆచరణకు నోచని నియమం

2003 నాటి ఆర్‌ఎఫ్‌సి 3530 అంతర్జాతీయ లిపుల కోసం ఒక సవిస్తరమైన విధానాన్ని శాసించినది. స్ట్రింగ్‌ప్రెప్ అనే పద్ధతి ప్రకారం, వచ్చిన ప్రతి పేరును సర్వరు కొన్ని పట్టికలతో సరిచూచి, కొన్ని సంకేతాలను తొలగించి, కొన్నింటిని నిషేధించి, ఆ పిమ్మట స్వీకరించాలి. ఫైళ్ల పేర్లకు ఒక పట్టిక, డొమెయిన్ పేర్లకు ఒక పట్టిక, 'పేరు@డొమెయిన్' వంటి మిశ్రమ రూపాలకు మరొక పట్టిక. కాగితం మీద చూడ ముచ్చటగా ఉన్న ఈ ఏర్పాటును అమలుపరచినవారు దాదాపు లేరు. కారణం సులభంగానే ఊహించవచ్చు. సర్వరు వెనుక ఉన్న ఫైల్ సిస్టమ్ అప్పటికే లక్షల పేర్లను తన పద్ధతిలో దాచుకొని కూర్చున్నది. లైనక్స్, యూనిక్స్ యంత్రాలలో ఆచారం ఏమనగా, పేరు అంటే బైట్ల వరుస, అంతే. ముందున్న వాకిలిలో సర్వరు ఒక నియమం పెట్టినా, పెరటి దారిన స్థానికంగా వచ్చే పేర్లకు ఆ నియమం వర్తించదు.

2015 మార్చిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 7530 ఈ వాస్తవాన్ని అంగీకరించి ఆ అధ్యాయాన్ని తిరిగి వ్రాసినది. ఫైళ్ల పేర్లు ఫైల్ సిస్టమ్ ఇష్టానికి చాలవరకు విడిచిపెట్టబడినవి. డొమెయిన్ పేర్ల విషయంలో మాత్రం, అవి ఇతర ఇంటర్నెట్ ప్రమాణాల పరిధిలోనివి కనుక, అన్ని సర్వర్లూ ఒకే విధంగా నడుచుకొనవలెనని అన్నది. పంపేవారు యు-లేబుల్ రూపంలో, అనగా మన విషయంలో తెలుగు లిపిలోనే, పంపడం ఉత్తమం. వీలుకానప్పుడు ఇతర రూపాలు పంపవచ్చు. పుచ్చుకొనేవారు అన్ని రూపాలనూ స్వీకరించాలి. యజమాని పేరులోని డొమెయిన్ విషయంలో సర్వరుకు రెండు మార్గాలు చూపబడినవి. మొదటిది, ఏ రూపంలో వచ్చినా దానిని యు-లేబుల్‌గా మార్చుకొని వ్యవహరించడం. రెండవది, ఏమీ మార్చకుండ, వచ్చినది వచ్చినట్లుగానే తిరిగి ఇవ్వడం. మొదటి మార్గమే అనుసరించదగినదని ఆ పత్రం సూచిస్తున్నది.

ఇది మెచ్చుకొనదగిన సవరణ. అయితే ఇందులో ఒక విచిత్రం ఉన్నది. నాల్గవ రూపాంతరానికి అనుబంధమైన 4.1ను వివరిస్తూ 2020 ఆగస్టులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 8881లో, ఆ పాత స్ట్రింగ్‌ప్రెప్ అధ్యాయమే తిరిగి చోటు చేసుకొన్నది. అన్న మానివేసిన అలవాటును తమ్ముడు పట్టుకొని కూర్చున్నట్లు అయినది. ఒక సాఫ్ట్‌వేరు రచయిత ఏ పత్రాన్ని ముందు పెట్టుకొంటాడు అన్నదాని మీద తెలుగు పేరు గతి ఆధారపడరాదు.

తెలుగు లిపి పెట్టే పరీక్షలు

ఆంగ్లేతర లిపి అనగానే చాలమంది సాంకేతికులకు ఫ్రెంచి, జర్మను అక్షరాల మీది చుక్కలు, గీతలు గుర్తుకు వస్తాయి. వాటితో పరీక్ష చేసి, పని పూర్తి అయినదని తృప్తి పడతారు. తెలుగు లిపి పెట్టే పరీక్షలు వేరు. అందులో నాలుగింటిని ఇక్కడ ప్రస్తావిస్తాను.

మొదటిది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వానికి ఒకే సంకేతం ఉన్నది. కాని అదే ఐత్వాన్ని ఎత్వం ఒకటి, దాని కింది గుర్తు ఒకటి, వెరసి రెండు సంకేతాలుగా విడదీసి వ్రాయడం కూడ సమానమేనని యూనికోడ్ చెబుతున్నది. 'హైదరాబాదు' అన్న మాట మొదటి పద్ధతిలో 9 సంకేతాలు, 27 బైట్లు. రెండవ పద్ధతిలో 10 సంకేతాలు, 30 బైట్లు. కంటికి రెండూ ఒకటే. ఆపిల్ సంస్థ మాక్ యంత్రాలలో చాలకాలం వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసిన రూపంలో దాచేది. లైనక్స్ యంత్రాలలో సాధారణంగా బైట్ల వరుసనే పోల్చి చూస్తారు. అందువలన ఆ మాక్ నుండి చేరిన 'హైదరాబాదు', ఇక్కడే టైపు చేసిన 'హైదరాబాదు' ఒకే డైరెక్టరీలో రెండు వేర్వేరు ఫైళ్లుగా పక్కపక్కన కూర్చొనగలవు. డొమెయిన్ పేరుకు మాత్రం కలిపి వ్రాసిన రూపమే శాస్త్రసమ్మతం. విడదీసిన రూపానికి, దానిని ముందుగా కలుపకుండ, ప్యూనీకోడ్ లెక్క కడితే మరొక పేరు వస్తుంది. ఆ పేరు గల సర్వరు ఎక్కడా ఉండదు.

రెండవది కనిపించని సంకేతం. 'సాఫ్ట్‌వేర్' అని వ్రాసేటప్పుడు ట వద్ద పొల్లు నిలువవలె, వ దాని కింద వత్తుగా చేరరాదు. ఇందుకోసం మనం పొల్లు తరువాత వెడల్పు లేని ఒక విభాజక సంకేతాన్ని ఉంచుతాము. అది లేకపోతే 'సాఫ్ట్వేర్' అవుతుంది. అన్యభాషా పదాలు విరివిగా వాడే నేటి తెలుగులో ఈ సంకేతం లేకుండ ఒక పుట కూడ సాగదు. 2003 నాటి డొమెయిన్ నియమాలు ఈ సంకేతాన్ని నిశ్శబ్దంగా తుడిచివేసేవి. 2010 నాటి నియమాలు, పొల్లు తరువాత వచ్చినప్పుడు దీనిని అనుమతిస్తున్నవి. కనుక ఒకే తెలుగు డొమెయిన్ పేరును పాత లైబ్రరీతో మారిస్తే ఒక ఏ-లేబుల్, కొత్త లైబ్రరీతో మారిస్తే మరొక ఏ-లేబుల్ వస్తాయి. రెండు వేర్వేరు డొమెయిన్లను రెండు వేర్వేరు సంస్థలు నమోదు చేసుకొని ఉన్నచో, ఒకరి ఇంటిపేరు మరొకరికి అంటుకొంటుంది. ఇక స్ట్రింగ్‌ప్రెప్ పట్టికలను తు.చ. తప్పక పాటించే ఫైల్ సర్వరు ఉన్నదనుకొంటే, అది ఫైళ్ల పేర్లలోని ఈ సంకేతాన్ని కూడ తీసివేస్తుంది. గ్రంథాలయానికి ఇచ్చిన పుస్తకం అట్ట మీది పేరును గుమాస్తా దిద్ది బీరువాలో పెట్టినట్లు ఉంటుంది.

మూడవది తరువాత చేరిన అక్షరాలు. స్ట్రింగ్‌ప్రెప్ పట్టికలు 2002 నాటి యూనికోడ్ 3.2తో ముడివేయబడినవి. తెలుగు అవగ్రహ చిహ్నం, దంత్యమైన ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లో చేరినది 2008లో. నకారపు పొల్లు చేరినది 2021లో. పాత కావ్యాలను, శాసనాలను, నిఘంటువులను అంకరూపంలో భద్రపరిచేవారికి ఇవి అవసరమైన అక్షరాలు. 2002 నాటి పట్టికకు ఇవి పుట్టని బిడ్డలు. 2010 నాటి డొమెయిన్ నియమాలు మాత్రం అక్షరాల గుణాలను బట్టి నిర్ణయం చేస్తాయి కనుక, యూనికోడ్ పెరిగినకొద్ది తామూ పెరుగగలవు.

నాల్గవది పెద్దబడి, చిన్నబడి భేదం. ఆంగ్ల డొమెయిన్ పేర్లలో ఈ భేదం లెక్కలోనికి రాదు. తెలుగుకు ఆ భేదమే లేదు. ఇది మనకు ఒక విధంగా సుఖమే. కాని ఎన్‌ఎఫ్‌ఎస్‌లో నమ్మకమైన గుర్తింపు కోసం వాడే కెర్బరోస్ అనే ఏర్పాటులో, డొమెయిన్ పేరును పెద్దబడి అక్షరాలలో వ్రాసి దానిని 'రెల్మ్' అని పిలవడం ఆచారం. పెద్దబడి లేని లిపిలో రెల్మ్ ఏది, డొమెయిన్ ఏది? అంతేకాక, 2005 నాటి కెర్బరోస్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సి 4120, పరస్పర అవగాహన కోసం, ఇటువంటి పేర్లను ఆంగ్ల గుర్తులకే పరిమితం చేసినది. అందువలన తెలుగు డొమెయిన్ గల సంస్థ కెర్బరోస్ ద్వారం వద్ద ఏ-లేబుల్ వేషం వేయక తప్పదు. లోపలికి వెళ్లిన తరువాత ఫైలు మీద యు-లేబుల్ కనిపిస్తుంది. ఈ రెండు ముఖాలూ ఒకే మనిషివని గుర్తించే బాధ్యత నడుమ ఉన్న సాఫ్ట్‌వేరు మీద పడుతుంది.

'ఎవరూ కాని వాడు'

గుర్తించలేకపోతే ఏమవుతుంది? ఒక యంత్రంలో అధికారి తన డొమెయిన్‌ను తెలుగులో వ్రాసినాడు, మరొక యంత్రంలో అదే డొమెయిన్ ఏ-లేబుల్‌గా నమోదైనది అనుకొందాము. రెంటినీ గుర్తు గుర్తుగా పోల్చి చూచే అమాయకపు సాఫ్ట్‌వేరుకు అవి రెండు వేర్వేరు డొమెయిన్లు. అప్పుడు ఫైలు యజమాని స్థానంలో 'నోబడీ' అన్న పేరు ప్రత్యక్షమవుతుంది. అంటే ఎవరూ కాని వాడు. లైనక్స్‌లో వాడి సంఖ్య సాధారణంగా 65534. సీత వ్రాసిన ఫైలు సీతదని చూపించే దిక్కు లేదు. యజమాని పేరును మార్చబోతే సర్వరు ఒప్పుకొనదు.

ఇక్కడ సాంకేతికులకు సులభమైన మందు ఒకటి ఉన్నది. పేర్లకు బదులుగా సంఖ్యలనే పేర్ల వలె పంపుకొనడం. ఆర్‌ఎఫ్‌సి 7530 దీనిని కొన్ని సందర్భాలలో అనుమతించినది, లైనక్స్‌లో ఇది వాడుకలో ఉన్నది. ఒకే అజమాయిషీలో ఉన్న యంత్రాలకు ఇది చాలును. కాని ఇది మనలను 1980ల నాటి సంఖ్యల కాలానికి తిరిగి చేర్చే మార్గమే తప్ప, ముందుకు తీసుకొనిపోయే మార్గం కాదు.

నా అభిప్రాయంలో 'నోబడీ' కంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. పేరు పోల్చుకొనలేక యజమానిని పోగొట్టడం ఒక నష్టం. పోలిక విషయంలో అతిగా ఉదారంగా ప్రవర్తించి ఇద్దరు యజమానులను ఒకడిగా చేయడం అంతకు మించిన నష్టం. మొదటి దానిలో సీత తన ఫైలును తెరువలేదు. రెండవ దానిలో పరాయివాడు తెరువగలడు. మొదటిది వెంటనే బయటపడుతుంది, ఫిర్యాదు వస్తుంది. రెండవది ఎవరికీ తెలియకుండ సంవత్సరాల తరబడి సాగిపోవచ్చు.

పాటింపదగిన మూడు సూత్రాలు

ఈ కారణాల వలన ఎన్‌ఎఫ్‌ఎస్ సాఫ్ట్‌వేరు రచయితలు మూడు సూత్రాలను పాటించాలని నేను భావిస్తున్నాను.

మొదటి సూత్రం: ఫైలు పేరు వేరు, డొమెయిన్ పేరు వేరు. ఫైలుకు పేరు పెట్టే హక్కు దానిని సృష్టించినవాడిది. సర్వరు దానిని ఒక్క సంకేతం కూడ మార్చకుండ భద్రపరచాలి. వెదకేటప్పుడు ఐత్వపు రెండు రూపాలనూ సమానంగా చూడవచ్చు, చూస్తే మంచిదే. కాని భద్రపరచిన దానిని దిద్దరాదు. డొమెయిన్ పేరు మీద అధికారం డొమెయిన్ వ్యవస్థది. దానిని ఆ వ్యవస్థ నియమాల ప్రకారమే ఏకరూపానికి తేవాలి. ఈ రెంటిని ఒకే పట్టికతో శుద్ధి చేయబోవడమే 2003లో దారి తప్పడానికి మూలకారణమని నా విశ్వాసం.

రెండవ సూత్రం: పోల్చడానికి ఒకే రూపం, ఒకే చోట. డొమెయిన్ పేరు సాఫ్ట్‌వేరులోకి ప్రవేశించే గడప వద్దనే, 2010 నాటి నియమాల ప్రకారం, దానిని ఒక రూపానికి మార్చి, అటుపిమ్మట అన్ని పోలికలు ఆ రూపంతోనే చేయాలి. సర్వరు అనుమతుల పట్టికలో అధికారి వ్రాసిన పేరు, డొమెయిన్ వ్యవస్థ తిరిగి చెప్పిన పేరు, కెర్బరోస్ ఇచ్చిన పేరు, ఫైలు మీద ఉన్న పేరు, ఈ నాలుగూ ఒకే గడప దాటి రావాలి. ఒక్కొక్క భాగం తనకు తోచిన మార్పిడి తాను చేసుకొంటే, ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్లవుతుంది. మనుషులకు చూపించేటప్పుడు మాత్రం తెలుగు రూపమే చూపాలి.

మూడవ సూత్రం: సందేహం కలిగినప్పుడు ఊహించరాదు, స్పష్టంగా నిరాకరించాలి. ఆర్‌ఎఫ్‌సి 7530, సక్రమంగా లేని లేబుళ్లను 2003 నాటి మార్పిడి సూత్రాలతో సరిచేసుకొనే వెసులుబాటు ఇచ్చినది. పాత యంత్రాలతో కలిసిమెలిసి ఉండడానికి అది పనికివచ్చినది కావచ్చు. కాని పైన చెప్పిన విభాజక సంకేతాన్ని ఆ సూత్రాలు తుడిచివేస్తాయి. సర్వరు చిరునామా విషయంలో ఊహ తప్పితే దారి దొరకదు, అంతే. యజమాని విషయంలో ఊహ తప్పితే ఆస్తి చేతులు మారుతుంది. కనుక యజమాని పేర్లలో ఈ వెసులుబాటును వాడరాదు. తప్పు రూపంలో వచ్చిన పేరును నిరాకరించి, ఎందుకు నిరాకరించినదో అధికారికి అర్థమయ్యే మాటలలో నమోదు చేయాలి.

ఆక్షేపణలకు సమాధానం

'తెలుగు డొమెయిన్లతో ఫైల్ సర్వర్లు నడిపేవారు ఎవరున్నారు? లేని రోగానికి మందు ఎందుకు?' అని కొందరు ప్రశ్నించవచ్చు. నిజమే, ఫైల్ సర్వర్లకు ఆంగ్ల గుర్తులతో పేరు పెట్టడమే సర్వత్రా ఆచారం. కాని పని చేయదని తెలిసినందువలన ఎవరూ వాడరు, ఎవరూ వాడనందువలన ఎవరూ బాగుచేయరు. ఈ వలయం ఎక్కడో ఒకచోట తెగాలి. పల్లెకు రోడ్డు వేయకుండ, ఆ పల్లెకు బండ్లు రావడం లేదు గనుక రోడ్డు అనవసరమని వాదించడం న్యాయం కాదు.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. లిపులు పెరిగితే మోసాలకు అవకాశం పెరుగుతుంది. తెలుగు, కన్నడ లిపులలో జ, ద, ర, బ వంటి అక్షరాలు చూపుకు దాదాపు ఒకటే. కన్నడ అక్షరాలతో కూర్చిన పేరును తెలుగు పేరుగా భ్రమింపజేయవచ్చు. ఈ భయం నిరాధారం కాదు. అయితే దీనికి విరుగుడు లిపిని బహిష్కరించడం కాదు. డొమెయిన్ వ్యవస్థ మూలపట్టికలో చేరదగిన పేర్లకు లిపుల వారీగా నియమావళులు తయారు చేయబడినవి. తెలుగు లిపికి, కన్నడ లిపికి కూడ అటువంటి నియమావళులు ఉన్నవి. వాటిలో ఈ రెండు లిపుల మధ్య పోలిక గల అక్షరాలు పరిగణింపబడినవి. ఫైల్ సర్వరు రచయిత ఆ నియమాలను మరల కనిపెట్టవలసిన పని లేదు. ఒకే లేబుల్‌లో రెండు లిపులు కలిసి ఉన్నట్లయితే అధికారిని హెచ్చరిస్తే చాలును.

మూడవది వేగం. ప్రతి పేరుకూ మార్పిడి, పోలిక చేస్తే సర్వరు మందగించదా? డొమెయిన్ పేర్లు ఫైళ్ల వలె కోట్లలో ఉండవు. ఒక సంస్థలో అవి వేళ్ల మీద లెక్కింపదగినవి. ఒకసారి మార్చినదానిని జ్ఞాపకం ఉంచుకొంటే తిరిగి మార్చవలసిన పని ఉండదు. ఫైళ్ల పేర్ల విషయంలో ఖర్చు కొంత ఎక్కువే. అందుకే అక్కడ మార్చవద్దని, భద్రపరచమని కోరుతున్నాను.

మన కర్తవ్యం

ఈ దేశంలోనూ, మన రాష్ట్రాలలోనూ కంప్యూటరు వృత్తిలో ఉన్న తెలుగువారు అసంఖ్యాకులు. ఫైళ్లను దాచే సాఫ్ట్‌వేరును వ్రాసేవారు, పరీక్షించేవారు, నడిపేవారు మన సంఘాలలోనే అనేకులు ఉన్నారు. లైనక్స్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ భాగమంతా బహిరంగంగా ఉన్నది. ఎవరైనా చదువవచ్చు, ఎవరైనా సవరణ పంపవచ్చు. ఐఈటీఎఫ్ చర్చలలో పాల్గొనడానికి సభ్యత్వ రుసుము లేదు. ఐత్వం రెండు విధాలుగా వ్రాయవచ్చునని, పొల్లు తరువాత కనిపించని సంకేతం ఒకటి ఉంటుందని, మన లిపి చదువని రచయితకు తట్టదు. అది అతని దోషం కాదు. మనం చెప్పకపోతే మాత్రం మన దోషం అవుతుంది.

చేయవలసినది కొండను తవ్వే పని కాదు. పరీక్షల జాబితాలో నాలుగు తెలుగు పేర్లు చేర్చాలి: ఐత్వం గల పేరు రెండు రూపాలలో ఒకటి, పొల్లు తరువాత విభాజకం గల పేరు ఒకటి, 2008 తరువాత చేరిన అక్షరం గల పేరు ఒకటి, యూటీఎఫ్-8లో 255 బైట్ల పరిమితిని తాకే పొడవైన పేరు ఒకటి. మూడు బైట్ల లెక్కన 85 సంకేతాలకే ఆ పరిమితి నిండిపోతుంది. మన సమాసాలకు అది పెద్ద దూరం కాదు. డొమెయిన్ భాగానికి ఒకే పేరును యు-లేబుల్‌గాను, ఏ-లేబుల్‌గాను ఇచ్చి, ఇద్దరు యజమానులు వస్తారా, ఒకడే వస్తాడా అని చూడాలి. ఫలితం తప్పుగా వచ్చినప్పుడు దానిని నమోదు చేసి, సరి అయ్యేవరకు వెంటపడాలి. ఒక సాయంకాలపు శ్రమతో ఈ పరీక్షలు సిద్ధమవుతాయి. తరువాతి వారందరికీ అవి కాపలా కాస్తాయి.

తెలుగు గ్రంథాలు, పత్రికలు, శాసనాల నకళ్లు, పాటల ధ్వనిముద్రణలు నేడు పెద్ద ఎత్తున అంకరూపం దాలుస్తున్నవి. రేపటి తరంవారు వాటిని ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి, ఒక సంస్థ నుండి మరొక సంస్థకు, ఒక ఖండం నుండి మరొక ఖండానికి తరలిస్తారు. ఆ ప్రయాణంలో పేరు చెడితే పుస్తకం దొరకదు. ఇంటిపేరు చెడితే పుస్తకం ఎవరిదో తెలియదు. మన లిపిని తెర మీద చూచుకొని మురిసిపోవడంతో ఆగక, తెర వెనుక నడిచే తంతులలో కూడ ఆ లిపికి నికరమైన స్థానం సంపాదించి పెట్టడం ఈ వృత్తిలో ఉన్న తెలుగువారి బాధ్యత.